తడి గుడ్డ కొసలు

బందరు
8 జులై 2023

సలీమాకు,

నీ వదిన నసీమా సలాములు. ఈ ఉత్తరం చూసి ఫోన్ చెయ్యకు. బక్రీదు మర్నాడు నువ్వు ఫోన్లో అన్న మాటకి, ఇక నీ గొంతు విననని మీ అన్నయ్య తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. చేతిరాత చూడనని మాత్రం పెట్టుకోలేదు. అందుకే పోస్టాఫీసుకి వెళ్లి కవర్లు తెచ్చుకున్నాను. ఆ గుమస్తా నన్ను ఎగాదిగా చూశాడు. ఉద్యోగానికి అప్లికేషనా అమ్మా అని అడిగాడు. కాదు బాబూ, మా ఆడపడుచుతో పోట్లాటకి అని చెప్పాను.

నువ్వేమన్నావో గుర్తుందా? "మా అన్నని గుడ్డ ఆరేసినట్టు ఆరేసి మర్చిపోయావు, వెనకంతా కుళ్లిపోతోంది" అన్నావు. పండగకి వచ్చి, అతని చొక్కా ఎత్తి నడుం కింద ఎముక మీద పుండు చూసి, పదిమందిలో నోరు నొక్కుకున్నావు. ఇంటికెళ్లాక ఫోన్ చేసి ఆ మాటన్నావు.

మీ అన్నయ్య మాబు కలంకారీ చెక్క అచ్చులు పెట్టే అటక మీంచి పడి పద్దెనిమిది నెలలు. నడుం కింద స్పర్శ లేదు. గిచ్చినా, కాల్చినా తెలియదు. అతనికి తెలియనిది నాకెలా తెలియాలి? చూసి తెలుసుకోవాలి. రోజూ చూస్తున్నాను. పుండు లేచిన రోజే చూశాను. నువ్వు చూసేటప్పటికి దానికి పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజులూ రెండేసి గంటలకోసారి అతన్ని పక్కకి తిప్పాను. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. పిల్లలు లేరు. లిఖిత అచ్చులు వెయ్యడానికి వస్తుంది, ఆ అమ్మాయిని ఇలాంటి పనికి పిలవను.

మీ నాన్న పరుపులు కుట్టినవాడు కాబట్టి పడక సంగతంతా నీకే తెలుసంటావు. సరే. నువ్వు మార్చిలో చేయించి పంపిన వాలుబల్ల వేసే ఉంచాను. పొద్దున్నే దాని మీద ఆనించి కూర్చోబెడతాను. అక్కణ్ణించి నా అచ్చుబల్ల కనిపిస్తుంది. ఎర్ర రంగు పలచనైందని, అంచు పక్కకి పోయిందని అరుస్తాడు. ఆ అరుపు వినిపిస్తున్నంత కాలం నాకు దిగులు లేదు.

అతన్ని తీసుకుపోతానన్నావట, మీ ఆయన తాహిర్ చెప్పాడు. మాబు ఇక్కణ్ణించి కదలడు. ఇది నేను కోపంతో రాయడం లేదు, నిదానంగా, టీ తాగి రాస్తున్నాను.

మీ వదిన

•

నాగాయలంక
16 జులై

నసీమా వదినకి,

సలీమా రాస్తున్నది. నువ్వు టీ తాగి రాశావు, నేను ఏడ్చి రాస్తున్నాను. అచ్చు మా అమ్మలాగే, ఎప్పుడూ నీదే పైచెయ్యి కావాలి నీకు.

గుడ్డ ఆరేసినట్టు అన్న మాట తప్పే. కానీ ఆ పుండు నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. అందులో నా బొటనవేలు పడుతుంది వదినా. రెండు గంటలకోసారి తిప్పే మనిషికి అంత పుండు ఎలా వస్తుంది? ఇక్కడ మా వీధి చివర ముసలాయన నాలుగేళ్లుగా మంచంలో ఉన్నాడు, ఒళ్లు నున్నగా ఉంది.

వాలుబల్ల లేకపోతే అన్నయ్య ఈపాటికి పైకప్పు చూస్తూ పిచ్చివాడయ్యేవాడు. శవాన్ని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టావని అప్పుడు నేను గొడవ చేశాను కాబట్టే కదా కూర్చున్నాడు. అందులో దూది నా చేత్తో ఏకి కూరాను.

ఈ బస్సులో గాలి రింగు ఒకటి, పౌడరు డబ్బా, స్పిరిట్ సీసా పంపుతున్నాను. పుండు రింగు బొక్కలోకి వచ్చేట్టు పెట్టు. చుట్టూ ఎర్రబడిన చోట స్పిరిట్ వేసి బాగా రుద్దు, రక్తం ఆడుతుంది.

ఇక్కడ వానలు. మా రొయ్యల చెరువు తూర్పు గట్టు జారింది. విచిత్రం ఏంటంటే పైన గడ్డి గడ్డిలాగే ఉంది, ఒక్క మొక్క ఊడలేదు. లోపల తడి మన్ను మీద పైమన్ను మొత్తంగా జరిగిపోయింది. పైనుంచి చూసి బాగానే ఉందనుకున్నాం. పగులు కనపడేసరికి సగం గట్టు కదిలి ఉంది. తాహిర్ ఇసక బస్తాలు వేస్తూ తిండి మానేశాడు.

ఆగస్టు ఇరవై ఆదివారం వ్యాన్ మాట్లాడుకుని వస్తాం. అప్పటికి పుండు మానకపోతే అన్నయ్యని తెచ్చుకుంటాను. నాకూ అన్న ఒక్కడే.

సలీమా

•

బందరు
27 జులై

సలీమాకు,

రింగు అందింది. పెట్టాను. రెండు రోజులకి పుండు చుట్టూ రింగు ఆకారంలో నల్లగా కమిలింది. తీసేశాను. నువ్వు చెప్పినట్టు స్పిరిట్ రుద్దాను కూడా. పైపొర ఊడి చేతికొచ్చింది. నీ మీద నెపం పెట్టడానికి రాయడం లేదు, జరిగింది రాస్తున్నాను. పుండు పెరిగింది. ఇప్పుడు నీ బొటనవేలు కాదు, నా రెండు వేళ్లు పడతాయి.

రెండు గంటలకోసారి తిప్పే మనిషికి పుండు ఎలా వస్తుందని అడిగావు. అదే నేనూ అల్లాని అడుగుతున్నాను. నీకు నమ్మకం లేదు కాబట్టి ఈ కవర్లో క్యాలెండరు కాగితాలు పెట్టాను, నలభై రోజులవి. కుడి పక్కకి తిప్పినప్పుడల్లా చిన్న పువ్వు అచ్చు, ఎడమ పక్కకి ఆకు, కూర్చోబెట్టినప్పుడు బుటా చుక్క. రంగు చేతికి ఉండనే ఉంటుంది కదా, రాయడం కన్నా అచ్చు వెయ్యడం తేలిక. లెక్కపెట్టుకో. ఒక్క పూట తప్పితే చెప్పు. చూసి తిరిగి పంపు, అవి నాకు కావాలి.

పక్కదుప్పటి కూడా మార్చాను. కరక్కాయ ఒంటికి పుండు పట్టనివ్వదని మా అమ్మ అనేది. అందుకని జూన్ మొదట్నించీ, అచ్చుకి సిద్ధం చేసిన గాడా నూలు గుడ్డనే, కరక్కాయ రసం, గేదె పాలు పట్టించి ఆరేసినదాన్ని, అతని కింద పరుస్తున్నాను. ఖరీదు గుడ్డ, అయినా మాబు కన్నా ఎక్కువా? బల్ల మీద నుంచి జారి కిందికి వస్తుంటాడు. గంటకోసారి చంకల కింద చేతులేసి పైకి లాక్కుంటాను. నా నడుం సంగతి ఎవరూ అడగరు.

సోమవారం గుడివాడ తీసుకెళ్తున్నాను. అక్కడి ఆసుపత్రిలో ఇలాంటి పుళ్లు చూసే మనిషి ఉన్నాడట. ఇరవయ్యో తారీకుకి వ్యాన్ మాట్లాడుకుంటే మాట్లాడుకోండి. రొయ్యలు వేసుకుని పోవచ్చు.

నసీమా

•

నాగాయలంక
31 జులై

వదినా,

కాగితాలు తిరిగి పంపుతున్నాను. పూలు, ఆకులు ఒక పూట కూర్చుని ఎన్నైనా అచ్చు వేసుకోవచ్చు. పుండు మాత్రం అబద్ధం చెప్పదు.

సలీమా

•

బందరు
6 ఆగస్టు

సలీమాకు,

నీ మూడు వరసల ఉత్తరం అందింది. చదివి మడిచి పెట్టె అడుగున పెట్టాను. దాని సంగతి తర్వాత.

మేం గుడివాడ వెళ్లే ముందు రోజే అక్కడ చూపిద్దామని ఇంకో నాలుగు రోజుల కాగితాలు చింపి సంచిలో పెట్టుకున్నాను. అక్కడ పుళ్లకి కట్లు కట్టే మేల్ నర్సు పేరు సాల్మన్ రాజు. ముప్పై ఐదేళ్లుంటాయి, నెమ్మదిగా మాట్లాడతాడు. పుండు చూశాడు. నేను తిట్లకి సిద్ధంగా నిలబడ్డాను. ఆ కాగితాలు చూపిస్తే పూలేంటి, ఆకులేంటి అని అడిగి, ఒక్కొక్కటీ వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఆ తర్వాత ఏమన్నాడో అలాగే రాస్తున్నాను.

"మీరు తిప్పుతూనే ఉన్నారండీ. ఇంత బాగా ఆసుపత్రుల్లో కూడా తిప్పరు. అంటే ఇది బరువు వల్ల వచ్చిన పుండు కాదన్నమాట. ఈ చుక్కలేంటండీ?"

కూర్చోబెట్టినవని చెప్పాను. ఎలా కూర్చుంటాడు, జారతాడా, జారితే ఏం చేస్తారు, అన్నీ అడిగాడు. నేను లాగి చూపించాను. అప్పుడు నా చెయ్యి తీసుకుని బల్ల మీద ఆనించి, అరచెయ్యి కదలకుండా మోచేతిని ముందుకి తొయ్యమన్నాడు. తోశాను. చర్మం బల్లకి అతుక్కుని అక్కడే ఉంది. ఎముక ముందుకి జరిగింది. మధ్యలో మాంసం మెలిపడినట్టయింది. "నొక్కడం వేరండీ, ఈడ్వడం వేరు. వాలుగా కూర్చుంటే ఒళ్లు కిందికి జారుతుంది, చర్మం దుప్పటిని పట్టుకుని ఉండిపోతుంది. లోపల సన్నటి రక్తనాళాలు సాగి మూసుకుపోతాయి. మీరు పైకి లాగినప్పుడు అదే ఇంకో వైపు. దీన్ని షియర్ అంటారు" అన్నాడు. తెలుగులో ఏమంటారని అడిగాను. ఏదో పుస్తకం మాట చెప్పాడు, కోత ఒత్తిడి అని. ఇక్కడ కోసేది పైకి కనపడదండీ, ముందు ఎముక దగ్గర పాడవుతుంది, చర్మం మీదికి వచ్చేసరికి లోపల చాలా జరిగిపోయి ఉంటుంది అన్నాడు.

మీ చెరువు గట్టు చటుక్కున గుర్తొచ్చింది. పైన గడ్డి గడ్డిలాగే ఉందని రాశావే, అదే.

తర్వాత అతని కింద వేసి తెచ్చిన పక్కదుప్పటిని వేళ్లతో నలిపి, ఇంత గరుగ్గా ఉందేంటండీ, ఇది ఏం గుడ్డ అన్నాడు. చెప్పాను. చెబుతుండగానే నాకే అర్థమైంది. కరక్కాయ, పాలు ఎందుకు పట్టిస్తాం సలీమా? గుడ్డ రంగుని వదలకుండా పట్టుకోవాలని. ఆ గుడ్డ మీద నా మొగుణ్ణి పడుకోబెట్టి గంటకోసారి ఈడ్చాను. రంగుని పట్టుకునే గుడ్డ అతని చర్మాన్ని పట్టుకుంది.

ముప్పై ఏళ్లుగా వచ్చిన ప్రతి పిల్లకీ నేను మొదట చెప్పే పాఠం ఏంటి? అచ్చు పెట్టు, అరచేతి మడమతో ఒక్క గుద్దు గుద్దు, నిటారుగా తియ్యి. పొరపాటున కూడా జరపకు. జరిపితే పువ్వు అలుక్కుపోతుంది, బల్ల మీద గుడ్డ కింద పరిచిన దుప్పట్లు కూడా ముడతలు పడతాయి. లిఖితని మొన్ననే ఈ విషయానికి ఏడిపించాను. గుడ్డ మీద చెయ్యనివ్వని పని మనిషి మీద చేశాను. ఆసుపత్రి వరండాలో కూర్చుని కాసేపు ఏడ్చాను. ఇది కూడా జరిగింది కాబట్టి రాస్తున్నాను.

చచ్చిన మాంసం తీసేసి కట్టు కట్టారు. రోజు విడిచి రోజు కట్టు మార్చడం నేర్పారు. నున్నటి దుప్పటి వెయ్యమన్నారు. రింగు వద్దు, రుద్దడం వద్దు, వాలుబల్ల అసలే వద్దు అన్నారు. జరపాల్సి వస్తే అడుగున ఒక గుడ్డ వేసి ఇద్దరు చెరో వైపు పట్టుకుని ఎత్తి జరపాలట, లాగకూడదట.

తప్పు నాదే. కానీ నా తప్పు నిర్లక్ష్యం కాదు. ఈ రెండింటికీ తేడా నీకు తెలిసేదాకా రాస్తూనే ఉంటాను.

నసీమా

•

నాగాయలంక
11 ఆగస్టు

వదినా,

చివరికి నా వాలుబల్ల మీద పెట్టావు నేరం. ఆ దూది ఏకడానికి నేను నాలుగు రోజులు ముక్కుకి గుడ్డ కట్టుకున్నాను. పుండు పెట్టడానికి పంపానా? నువ్వు లాగావు, నువ్వు పరిచావు, మధ్యలో నా బల్లకి శిక్ష.

ఇంకో మాట విన్నాను. నిన్న బందరు నుంచి వచ్చిన మా చుట్టాలావిడ చెప్పింది, కిటికీలోంచి చూసిందట. అన్నయ్యని బోర్లా పడుకోబెట్టావట, ముఖం కిందికి పెట్టి. ఏం పాపం చేశాడని వదినా? ఒక మనిషి ఆకాశం చూడకుండా, మనుషుల ముఖం చూడకుండా, అలా బోర్లించి ఉంచుతారా ఎవరైనా? పెళ్లి నాడు మా అమ్మ నీ చేతుల్లో పెట్టింది ఇందుకా?

వ్యాన్ మాట్లాడేశాం. ఇరవయ్యో తారీకు పది గంటలకల్లా మీ గుమ్మంలో ఉంటాం. తలుపు తియ్యకపోతే వీధిలో కూర్చుంటాను. సిగ్గు నాకు లేదు, నీకు ఉంటే తీసుకో.

సలీమా

•

బందరు
15 ఆగస్టు

సలీమాకు,

తలుపు తీసే ఉంటుంది. నా గుమ్మంలో మా ఆడపడుచు కూర్చుంటే నాకు సిగ్గేంటి, కుర్చీ వేస్తాను.

బోర్లా పడుకోబెట్టిన మాట నిజం. మీ చుట్టాలావిడ కిటికీలోంచి కాళ్ల వైపే చూసినట్టుంది, తల వైపుకి వచ్చి చూడాల్సింది. జరిగింది చెబుతాను విను. గుడివాడ నుంచి వచ్చాక వాలుబల్ల తీసేశాను. అతనికి అచ్చుబల్ల కనపడలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం తినలేదు. "పైకప్పు చూస్తూ బతకను. పుండు ఉంటే ఉండనీ, నన్ను కూర్చోబెట్టు" అన్నాడు. కూర్చోబెట్టనన్నాను. కూర్చోబెట్టమన్నాడు. మా ఇద్దరి అరుపులకి లిఖిత బయటికి వెళ్లి నిలబడింది.

సాల్మన్ రాజుకి ఫోన్ చేశాను. అతని గొంతు విననని ఒట్టు లేదు కదా. బోర్లా పడుకుంటే పుండు మీద ఏ బరువూ ఉండదండీ, ఊపిరికి ఇబ్బంది లేకపోతే కాసేపు కాసేపుగా అలవాటు చెయ్యండి, మోకాళ్లు, కాలివేళ్లు చూసుకోండి అన్నాడు. మంచాన్ని అచ్చుబల్ల కొసకి చేర్చి, రెండూ ఒకే ఎత్తుకి వచ్చేట్టు ఇటుకలు పెట్టాను. ఛాతీ కింద దిండు వేశాను. కళ్లెత్తి చూస్తే ఎదురుగా గుడ్డ. చేతులు రెండూ బల్ల మీద.

మొదటి రోజు అలా చూస్తూ ఉన్నాడు. రెండో రోజు అంచు అచ్చు అడిగాడు.

ఈ కవర్లో మూరెడు గుడ్డ ముక్క ఉంది. అది ఎవరు వేశారో నేను చెప్పను. మూల దగ్గర అంచు తిరిగే చోటు చూడు. ఎవరైనా రెండు తీగలని కలిపేస్తారు. బొటనవేలంత ఖాళీ వదిలేది బందరంతా కలిపి ఒక్కడే. నీ నిక్కా చీర కొంగులోనూ ఆ ఖాళీ ఉంటుంది, తీసి పక్కన పెట్టి చూసుకో.

పంతొమ్మిది నెలల తర్వాత అతను అచ్చు పట్టుకున్నాడు సలీమా. నువ్వు వ్యాన్ తెచ్చుకుంటావో, పోలీసుల్నే తెచ్చుకుంటావో నీ ఇష్టం. అతను రానంటే, వ్యాన్ ఖాళీగానే వెళ్తుంది.

నీ మూడు వరసల ఉత్తరం ఇంకా పెట్టె అడుగునే ఉంది. దాన్ని నువ్వే వచ్చి తీసుకోవాలి.

మీ వదిన

•

నాగాయలంక
30 ఆగస్టు

నసీమా వదినకి సలాములతో సలీమా,

మీ ఇంట్లో ఎనిమిది రోజులున్నాను, ఎదురుగా నీతో మాట్లాడాను, నువ్వు విన్నావు. మరి ఒట్టు సంగతేంటని అడిగితే అది ఫోన్ గొంతుకే అన్నావు. సరే, అలాగే ఉంచుకో. ఉత్తరాలు రాయడం నాకు అలవాటైపోయింది.

గుడ్డ ముక్క వచ్చిన రోజే నిక్కా చీర తీసి పక్కన పెట్టి చూశాను. ఇరవై ఎనిమిదేళ్ల ఖాళీ, మొన్నటి ఖాళీ ఒక్కటే కొలత. అయినా వ్యాన్ ఎక్కాను. నిన్ను నమ్మక కాదు, ఓడిపోవడం ఇష్టంలేక.

నువ్వు టీ పెట్టడానికి లోపలికి వెళ్లినప్పుడు జరిగింది నీకు తెలియదు. అన్నయ్య తల ఎత్తకుండా అచ్చు వేస్తున్నాడు. నేను పక్కన కూర్చుని అడిగాను, "అన్నయ్యా, మా ఇంటికి వస్తావా? వదిన నిన్ను లాగి లాగి ఇంత పుండు చేసింది" అని. అచ్చు నిటారుగా తీసి పక్కన పెట్టాడు. "లాగింది. నిజమే. లాగడానికి ఒక్క మనిషి చాలు, అందుకని లాగింది. ఎత్తడానికి ఇద్దరు కావాలట. ఆ రెండో మనిషి పండగలకి వచ్చి చొక్కా ఎత్తి చూసి వెళ్తుంది" అన్నాడు. కోపంగా అనలేదు. మళ్లీ అచ్చు తీసుకున్నాడు. నువ్వు టీ తెచ్చి, చక్కెర తక్కువైందా ముఖం అలా పెట్టావు అన్నావు. చక్కెర సరిపోయింది వదినా.

అందుకే తాహిర్‌ని వ్యాన్‌తో పంపేశాను. రింగు, వాలుబల్ల అందులోనే వేశాను. తాహిర్ ఆ బల్ల విప్పి, చెక్కలు తూర్పు గట్టుకి అడ్డంగా దిగ్గొట్టాడు. ఇప్పుడు గట్టు నిలబడింది. చివరికి అది ఆపాల్సిన జారుడునే ఆపుతోంది, కాబట్టి నా బల్లని ఇక ఏమీ అనకు. దూది మాత్రం అన్నయ్య ఛాతీ కింది దిండుకి వాడాను, చూసే ఉంటావు.

పెట్టె అడుగు ఉత్తరం నేనే తీసి, నేనే చింపాను. పూలు, ఆకుల కాగితాలు రెండు నీకు చెప్పకుండా తెచ్చుకున్నాను. ఇక్కడ మా వంటింటి గోడకి అంటించాను. వచ్చినవాళ్లు ఇదేం డిజైను అని అడుగుతున్నారు. మా వదిన వేసిందని చెబుతున్నాను.

పుండు లోపల కొత్త మాంసం ఎర్రగా పడుతోందని, అది మంచి గుర్తని సాల్మన్ రాజు గారు అన్న రోజు నేను మీతో గుడివాడలో ఉన్నాను, అది నా అదృష్టం. ఇంకా నెలలు పడుతుందన్నారు. పట్టనీ. నేను కొత్త లెక్క వేసుకున్నాను. మంగళవారం, శనివారం ఇక్కడ మొదటి బస్సు ఎక్కితే పదికల్లా మీ ఇంట్లో ఉంటాను. మిగతా రోజులకి నువ్వు లిఖితని అడగవు, నీ పొగరు నాకు తెలుసు. నేనే అడిగాను. ఆ అమ్మాయి, "ఎప్పుడు పిలుస్తారా అని చూస్తున్నానండీ, ఆవిడ పిలవరు" అంది.

మొదటి రోజు సాయంత్రం గుర్తుందా? నువ్వు దుప్పటి రెండు కొసలు చుట్టి పట్టుకుని, నాకు ఎలా పట్టుకోవాలో చెప్పబోయావు. చెప్పనవసరం లేకపోయింది. నాకు పదిహేనేళ్లప్పుడు నువ్వు కొత్త పెళ్లికూతురివి. అచ్చు వేసిన తడి గుడ్డ నువ్వు రెండు కొసలు, నేను రెండు కొసలు పట్టుకుని, మధ్యలో కుంగకుండా, ఒకదాని మీద ఒకటి పడకుండా ఎండలోకి మోసేవాళ్లం. అన్నయ్య వెనకే వస్తూ ఇద్దర్నీ తిట్టేవాడు. నా చేతులకి అదంతా గుర్తుంది. నువ్వు అల్లా అన్నావు, ఎత్తాం. మనిషి ఎంత తేలికైపోయాడని నేను ఏడవబోయాను.

అప్పుడు దుప్పటిలోంచి అన్నయ్య అన్నాడు, "మెల్లిగా. రంగు ఇంకా ఆరలేదు."

నువ్వు నవ్వావు. పంతొమ్మిది నెలల్లో నీ నవ్వు నేను వినలేదు. నవ్వుతూనే పట్టు వదల్లేదు, నేనూ వదల్లేదు.

శనివారం వస్తున్నాను. నీ రెండు కొసలు నువ్వు పట్టుకో.

నీ ఆడపడుచు
సలీమా